థైరాయిడ్ మాత్ర పక్కన మెగ్నీషియం డబ్బా: పరీక్ష ఎవరికి, మాత్ర ఏ వేళకి

థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళ ఇళ్ళలో ఈమధ్య పక్కనే ఇంకో డబ్బా చేరుతోంది, మెగ్నీషియంది. నిద్ర పట్టట్లేదని ఒకరు, రాత్రిపూట పిక్కలు పట్టేస్తున్నాయని ఇంకొకరు, జుట్టు రాలిపోతోందని మరొకరు ఫోన్‌లో ఏదో వీడియో చూసి తెప్పించుకుంటున్నారు. కర్నూలు ఎన్.ఆర్.పేటలోనో, అనంతపురం సాయినగర్‌లోనో ల్యాబ్‌కి వెళ్ళినప్పుడు "థైరాయిడ్‌తో పాటు మెగ్నీషియం కూడా చూడండి" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. అడగడంలో తప్పేం లేదు. కాకపోతే ఆ రిపోర్ట్‌లో వచ్చే అంకె ఏం చెబుతుందో ఏం చెప్పదో తెలియకుండా డబ్బు కట్టడం, ఆపైన తెచ్చుకున్న మాత్రని పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్రతో కలిపి మింగెయ్యడం, చిక్కంతా ఈ రెండింటి దగ్గరే వస్తోంది. పైగా మెగ్నీషియం నిజంగానే తగ్గిపోయినవాళ్ళు చాలామంది ఈ వీడియోలు చూసేవాళ్ళలో ఉండరు, వాళ్ళు గ్యాస్ మాత్రా బీపీ మాత్రా ఏళ్ళ తరబడి వేసుకుంటూ "వయసు మీద పడింది కదా" అనుకుంటూ ఉంటారు.

ముందు సంబంధం సంగతి. మెగ్నీషియానికీ థైరాయిడ్‌కీ సంబంధం ఉందనేది ఉత్తమాట కాదు. ఒంట్లో శక్తిని మోసే ఏటీపీ అనే పదార్థం మెగ్నీషియంతో జతకడితేనే పనిచేస్తుంది. థైరాయిడ్ గ్రంథి రక్తంలోంచి అయోడిన్‌ని లోపలికి లాక్కోవాలంటే కణం గోడలో సోడియాన్ని బయటికి తోడే ఏర్పాటు నడవాలి, అది నడిచేది ఏటీపీతో. అలా చూస్తే మెగ్నీషియం లేకుండా థైరాయిడ్ హార్మోన్ తయారవదు. కానీ ఇదే లెక్కన గుండె కొట్టుకోవడానికీ, కండరం బిగుసుకుని వదలడానికీ, అసలు ఒంట్లో ఏ పని జరగడానికైనా మెగ్నీషియం కావాలి. "థైరాయిడ్‌కి మెగ్నీషియం అవసరం" అనే మాట నిజమే గానీ, దాన్నుంచి "థైరాయిడ్ ఉన్నవాళ్ళందరికీ మెగ్నీషియం తక్కువ" అనే మాటకి దూకడం కుదరదు. సెలీనియం సంగతి కొంచెం వేరు, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్‌ని చురుగ్గా పనిచేసే టీ3గా మార్చే ఎంజైముల్లో సెలీనియం నేరుగా ఒక భాగం. వీడియోల్లో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. థైరాయిడ్ ఎక్కువైనవాళ్ళూ, తక్కువైనవాళ్ళూ మెగ్నీషియం విషయంలో ఒకటి కాదు. హార్మోన్ ఎక్కువైతే కిడ్నీలు మెగ్నీషియాన్ని మూత్రంలోకి ఎక్కువగా వదిలేస్తాయి, విరేచనాలు కూడా ఎక్కువవుతాయి, కాబట్టి రక్తంలో అది తగ్గే అవకాశం ఉంది. హార్మోన్ తక్కువైతే కిడ్నీలు దాన్ని పట్టి ఉంచుకుంటాయి, అందుకే హైపోథైరాయిడ్ వాళ్ళలో చాలామందికి రక్తంలో మెగ్నీషియం మామూలుగానో, కాస్త ఎక్కువగానో కనిపిస్తుంది. మన దగ్గర థైరాయిడ్ అంటే పదిమందిలో ఎక్కువమందికి ఉండేది ఈ రెండో రకమే. మెగ్నీషియం అమ్మేవాళ్ళు చూపించే లక్షణాల జాబితా మాత్రం ఇద్దరికీ ఒకటే.

పరిశోధనలు ఏమన్నాయంటే, చైనాలో పన్నెండు వందలకి పైగా మంది మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో రక్తంలో మెగ్నీషియం బాగా తక్కువగా, అంటే లీటరుకి 0.55 మిల్లీమోల్ కన్నా తక్కువగా ఉన్నవాళ్ళలో థైరాయిడ్ మీద ఒళ్ళే దాడి చేసే యాంటీబాడీలూ, హైపోథైరాయిడిజమూ ఎక్కువగా కనిపించాయి. మన ల్యాబ్ లెక్కలోకి మారిస్తే అది డెసిలీటర్‌కి సుమారు 1.3 మిల్లీగ్రాములు. అంత తక్కువ రోజూ కనిపించే విషయం కాదు, పైగా ఒక్క సమయంలో కొలిచి చూసిన అధ్యయనం కాబట్టి ఏది ముందు ఏది వెనక అన్నది అందులో తేలదు. 2021లో ఇరాన్ నుంచి వచ్చిన ఇంకో ప్రయోగంలో హైపోథైరాయిడ్ ఉన్నవాళ్ళకి పది వారాల పాటు జింక్, మెగ్నీషియం, విటమిన్ ఎ మూడూ కలిపి ఇచ్చారు. ఫ్రీ టీ4 కొంత మెరుగుపడింది. మూడూ కలిపి ఇస్తే ఏది పనిచేసిందో ఎవరు చెప్పగలరు? ఈ రెండింటినీ చూపించి "మెగ్నీషియం వేసుకుంటే థైరాయిడ్ మాత్ర మానెయ్యొచ్చు" అనేవాళ్ళు ఉన్నారు. ఆ మాటకి ఆధారం లేదు, విని మాత్ర మానేసినవాళ్ళలో, థైరాయిడ్ హార్మోన్ తగ్గేకొద్దీ పెరిగే టీఎస్‌హెచ్ మూడు నెలల్లో ఎక్కడికి ఎక్కుతుందో ఏ డాక్టర్‌ని అడిగినా చెబుతారు.

ఇప్పుడు పరీక్ష. పెద్దవాళ్ళ ఒంట్లో మొత్తం మెగ్నీషియం సుమారు 25 గ్రాములు. అందులో సగానికి పైగా ఎముకల్లో ఉంటుంది, మిగతాది దాదాపు అంతా కండరాల్లో, ఇతర కణాల్లో. రక్తంలోని సీరంలో, అంటే కణాలు తీసేశాక మిగిలే నీటి భాగంలో, ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. ల్యాబ్‌లో మామూలుగా కొలిచేది ఆ ఒక వంతు లోపే. పైగా ఒళ్ళు ఆ ఒక వంతుని జాగ్రత్తగా కాపాడుకుంటుంది, తగ్గుతోందంటే ఎముకల్లోంచి తీస్తుంది, కిడ్నీల్లో ఆపేస్తుంది. అందుకని సీరం మెగ్నీషియం మామూలుగా వచ్చినంత మాత్రాన నిల్వలు నిండుగా ఉన్నట్టు కాదు, ఇది నిజం. కానీ సీరంలోనే తగ్గిందంటే మాత్రం కొట్టిపారేయడానికి లేదు. ఇదీ నిజమే. వీడియోలు మొదటి సగం చెప్పి ఆపేస్తాయి.

మామూలు పరిధి చాలా ల్యాబ్‌లలో డెసిలీటర్‌కి 1.7 నుంచి 2.2 మిల్లీగ్రాముల వరకు, కొన్నిచోట్ల 1.6 నుంచి 2.6 వరకు వేస్తారు. యంత్రాన్ని బట్టి, పద్ధతిని బట్టి మారుతుంది కాబట్టి కర్నూలు రిపోర్ట్‌నీ హైదరాబాద్ రిపోర్ట్‌నీ పక్కపక్కన పెట్టి పాయింట్ ఒకటి పెరిగిందనో తగ్గిందనో టెన్షన్ పడటం దండగ. కొందరు పరిశోధకులు 0.85 మిల్లీమోల్, అంటే సుమారు 2.1 మిల్లీగ్రాముల కింద ఉంటే లోపలి నిల్వలు తగ్గినట్టు అనుమానించాలంటారు. ఈ లెక్కని పట్టుకునే "మీ 1.9 నార్మల్ కాదు" అనే మాట పుట్టింది. అది చర్చలో ఉన్న అభిప్రాయం, అంతే. ఆ గీత గీస్తే ఊళ్ళో సగంమంది లోపం ఉన్నవాళ్ళ కింద లెక్కకొచ్చేట్టున్నారు.

రక్తం తీసే తీరులోనే అంకె తారుమారయ్యే అవకాశం కూడా ఉంది. ఎర్ర కణాల లోపల మెగ్నీషియం సీరంలో కన్నా దాదాపు మూడింతలు ఎక్కువ. చేతికి పట్టీ గట్టిగా బిగించి, పిడికిలి పదేపదే బిగించమని, సన్న సూదితో బలవంతంగా లాగితే ఎర్ర కణాలు పగిలి లోపలి సరుకంతా సీరంలో కలుస్తుంది, తక్కువ ఉన్నది కూడా మామూలుగా కనిపిస్తుంది. ఆదోని నుంచో, రాయచోటి నుంచో తీసిన శాంపిల్ సీరం వేరు చెయ్యకుండా మే నెల ఎండలో బస్సు డిక్కీలో ఊగుతూ వస్తే అదే కథ. రిపోర్ట్ కింద చిన్న అక్షరాల్లో "హీమోలైజ్డ్ శాంపిల్" అని ఉంటే ఆ అంకెని నమ్మకూడదు, మళ్ళీ తీయించుకోవాలి. ఇంకొకటి, బ్లడ్ కౌంట్‌కి వాడే ఊదా మూత ట్యూబులోని రక్తంతో మెగ్నీషియం చెయ్యకూడదు, అందులోని ఈడీటీఏ మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది. దీనికి వేరే ట్యూబ్ కావాలి. మంచి ల్యాబ్‌ల వాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు, కానీ "ఇందాక తీసిన రక్తంలోనే చేసేస్తాం" అంటే ఏ ట్యూబులోదని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువ ఉన్నవాళ్ళకి కూడా మొత్తం మెగ్నీషియం తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే అందులో మూడో వంతు దాకా ప్రొటీన్లకి అంటుకునే తిరుగుతుంది.

సీరం నమ్మకం లేదంటూ చాలామంది అడుగుతున్నది ఆర్‌బీసీ మెగ్నీషియం, అంటే ఎర్ర కణాల లోపలిది. ఎర్ర కణం బతికేది సుమారు 120 రోజులు కాబట్టి కొన్ని నెలల సంగతి అందులో తెలుస్తుందని వాదన. వాదన బాగానే ఉంది. కానీ ఈ పరీక్ష మన దగ్గర చాలా ల్యాబ్‌లలో జరగదు, శాంపిల్ కొరియర్‌లో పెద్ద ఊరికి వెళ్ళాలి, ఖర్చు ఎక్కువ, పరిధులు ఒక్కో ల్యాబ్‌లో ఒక్కో రకం, ఎముకల్లో కండరాల్లో ఎంత ఉందో ఇది కూడా కచ్చితంగా చెప్పలేదు. దాని రిపోర్ట్ తక్కువ వచ్చినా మామూలుగా వచ్చినా చెయ్యాల్సిన పని చాలామంది విషయంలో మారదు, మారనప్పుడు ఆ డబ్బు పెట్టడం దేనికి? అదే సీరం నిజంగా తక్కువ వచ్చిందనుకోండి, అప్పుడు పనికొచ్చేది ఇరవైనాలుగు గంటల మూత్రంలో మెగ్నీషియం పరీక్ష. ఒంట్లో తక్కువైనప్పుడు ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ దాన్ని బయటికి పోనివ్వదు. అయినా రోజుకి 24 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ పోతోందంటే కిడ్నీ దగ్గరే లీకవుతోందని, పోవట్లేదంటే తిండిలోనో పేగులోనో తేడా ఉందని అర్థం. తక్కువ ఎందుకైంది అన్నదానికి ఈ పరీక్ష దారి చూపిస్తుంది.

అన్నింటికన్నా ముందు, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా చెయ్యగలిగిన పని ఒకటుంది. వాడుతున్న మందుల చీటీలన్నీ తెచ్చి మంచం మీద పరచడం.

అందులో మొదట వెతకాల్సింది పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబిప్రజోల్, ఇలా చివర "ప్రజోల్" అని వచ్చేవి. కడప ఏడు రోడ్ల దగ్గర ఏ మెడికల్ షాపులో అడిగినా చీటీ లేకుండానే ఇచ్చేస్తారు. ఎప్పుడో మోకాళ్ళ నొప్పుల మాత్రలతో పాటు పది రోజులకి రాసిన గ్యాస్ మాత్ర పదేళ్ళుగా నడుస్తున్న ఇళ్ళు ఎన్ని లేవు. థైరాయిడ్ ఉన్నవాళ్ళకి ఇది రెండు వైపులా దెబ్బ. ఒకవైపు, కడుపులో ఆమ్లం తగ్గితే థైరాక్సిన్ మాత్ర, అంటే మన థైరాయిడ్ మాత్రే, సరిగా కరగక ఒంటికి పట్టడం తగ్గుతుంది, టీఎస్‌హెచ్ పెరుగుతుంది, డాక్టర్ డోసు పెంచుతారు. రెండోవైపు, ఏడాదికి పైగా వాడితే కొందరిలో పేగు మెగ్నీషియాన్ని పీల్చుకోవడం తగ్గిపోతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీని మీద 2011లోనే హెచ్చరిక ఇచ్చింది. అందులో గమనించాల్సిన సంగతి, వాళ్ళు పరిశీలించిన కేసుల్లో దాదాపు నాలుగో వంతు మందికి మెగ్నీషియం మాత్రలు ఇచ్చినా అంకె పెరగలేదు, గ్యాస్ మాత్ర ఆపితే గానీ దారికి రాలేదు. అంటే నెలనెలా మెగ్నీషియం కొంటూ, పరగడుపున ప్రజోల్ కూడా వేసుకుంటూ ఉంటే కుండకి చిల్లి ఉంచి నీళ్ళు పోసినట్టే. నీరసం, తిమ్మిర్లు, దడ, కండరాల నొప్పి అన్నీ థైరాయిడ్ ఖాతాలో పడిపోతుంటాయి, అసలు దొంగ పక్క స్ట్రిప్‌లో ఉంటుంది. అలాగని గ్యాస్ మాత్రని సొంతంగా ఒక్కసారిగా మానేస్తే మంట తిరగబెడుతుంది, గుండెకి ఆస్పిరిన్ లాంటివి వాడేవాళ్ళకైతే అది అవసరమై రాసి ఉండొచ్చు. ఎందుకు మొదలైందో రాసిన డాక్టర్‌నే అడిగి, తగ్గించే వీలుంటే మెల్లగా తగ్గించుకోవాలి.

రెండోది బీపీ మాత్ర. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇంకా వాపులకి ఇచ్చే ఫ్యూరోసెమైడ్, ఇవన్నీ మూత్రంలో మెగ్నీషియాన్ని పోగొట్టేవే. బీపీ మాత్ర పేరు చివర "హెచ్" అని అక్షరం ఉంటే చాలావరకు అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటుంది. షుగర్ అదుపులో లేనివాళ్ళకి మూత్రంలో గ్లూకోజ్‌తో పాటు మెగ్నీషియం కూడా పోతుంది. ఎన్నాళ్ళ నుంచో విరేచనాలు ఉన్నవాళ్ళు, రోజూ మద్యం తాగేవాళ్ళు సరేసరి. థైరాయిడ్‌తో పాటు ఇలాంటిది ఏదైనా ఉంటే సీరం మెగ్నీషియం అడిగి చేయించుకోవడం తెలివైన పని. ఇవేవీ లేకుండా ఉత్త హైపోథైరాయిడ్ ఉండి టీఎస్‌హెచ్ అదుపులో ఉన్నవాళ్ళకి ఆ పరీక్ష మామూలుగా వచ్చే అవకాశమే ఎక్కువ.

పరీక్ష తప్పనిసరి అయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి, అవి ఈ వీడియోల్లో కనిపించవు. థైరాయిడ్ గ్రంథి మొత్తం ఆపరేషన్ చేసి తీసేశాక మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్ళు కొంకర్లు పోవడం మొదలైతే కాల్షియం పడిపోయిందని అర్థం. కాల్షియం ఎంత ఎక్కించినా లేవట్లేదంటే మెగ్నీషియం చూడాలి, ఎందుకంటే మెగ్నీషియం బాగా తక్కువైతే కాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ హార్మోన్ సరిగా విడుదల కాదు, విడుదలైనా పనిచెయ్యదు. పొటాషియం కూడా అంతే, మెగ్నీషియం సరిచెయ్యకుండా అది నిలబడదు. థైరాయిడ్ ఎక్కువై గుండె లయ తప్పి ఆసుపత్రిలో చేరినవాళ్ళకి పొటాషియం, మెగ్నీషియం రెండూ చూస్తారు. కర్నూలు పెద్దాసుపత్రిలో గానీ కడప రిమ్స్‌లో గానీ అలాంటి పరిస్థితిలో ఉన్న మనిషికి ఆ అంకె ప్రాణం మీద ప్రశ్న.

తిండి సంగతికొస్తే సీమవాళ్ళు పాత వంట పూర్తిగా వదలకపోతే చాలావరకు అదృష్టవంతులే. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మెగ్నీషియం రోజుకి మగవాళ్ళకి 440, ఆడవాళ్ళకి 370 మిల్లీగ్రాములు కావాలి. అదే సంస్థ 2017 పట్టికల్లో వంద గ్రాముల రాగుల్లో 146, జొన్నల్లో 133, సజ్జల్లో 124 మిల్లీగ్రాములు ఉన్నాయి. పాలిష్ పట్టిన బియ్యంలో 19. తేడా చూడండి. రెండు జొన్నరొట్టెలకి 120 గ్రాముల పిండి పడుతుందనుకుంటే 160 దాకా అక్కడే వచ్చేస్తుంది. గుప్పెడు బుడ్డలు (వేరుశనగ గింజలు), అంటే ముప్పై గ్రాములు తింటే ఇంకో 60. ఉలవ గుగ్గిళ్ళు, నువ్వుల పొడి, ఆకుకూర పప్పు కూడా లెక్కలోకే వస్తాయి. మధ్యాహ్నం సంగటీ ఊరిబిండీ తిని, రాత్రి రొట్టె తినే మనిషికి మాత్ర అవసరం పడటం కష్టం. గింజల్లోని ఫైటేట్ అనే పదార్థం వల్ల ఉన్నదంతా ఒంటికి పట్టదన్నది నిజమే, అది లెక్కేసుకున్నా బియ్యం కన్నా ఎంతో మెరుగు. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం తెల్లన్నం, సాయంత్రం బజ్జీ, రాత్రి మళ్ళీ తెల్లన్నం, ఈ పద్ధతికి మారినవాళ్ళ సంగతి వేరు.

థైరాయిడ్ ఉంటే రాగులు తినకూడదా అని అడిగేవాళ్ళు ఎక్కువ. చిరుధాన్యాల మీద అనుమానానికి మూలం ప్రధానంగా సజ్జలు. సూడాన్‌లో అయోడిన్ అందని ప్రాంతంలో సజ్జలే తిని బతికేవాళ్ళలో గాయిటర్, అంటే థైరాయిడ్ ఉబ్బి మెడ దగ్గర వచ్చే వాపు, ఎక్కువగా కనిపించి, వాటిలోని కొన్ని పదార్థాలు థైరాయిడ్‌ని అడ్డుకుంటాయని 1980లలో గుర్తించారు. అయోడిన్ ఉప్పు వాడుతూ, మాత్ర వేసుకుంటూ, వారానికి రెండుసార్లు సజ్జరొట్టె తినేవాళ్ళకి దాన్ని అన్వయించుకుని భయపడక్కర్లేదు. సంగటికి ఆ భయం అసలే వద్దు.

నీళ్ళ గురించి ఒక మాట. అనంతపురం, కడప వైపు బోరు నీళ్ళు గట్టి నీళ్ళని అందరికీ తెలుసు, గిన్నెల అడుగున తెల్లగా పేరుకునేది కాల్షియం, మెగ్నీషియం లవణాలే. ఈ నేలలో మెగ్నీషియం కొదవ లేదు. వేంపల్లె చుట్టుపక్కల డోలమైట్ రాయి కాల్షియం మెగ్నీషియం కార్బొనేట్, పిల్లలు పలకల మీద రాసే బలపం మెగ్నీషియం సిలికేట్. తాగే నీటిలో లీటరుకి 30 మిల్లీగ్రాముల దాకా మెగ్నీషియం ఉండొచ్చని, వేరే నీళ్ళు దొరక్కపోతే 100 దాకా ఫర్వాలేదని భారత ప్రమాణాలు చెబుతాయి. రోజుకి మూడు లీటర్లు తాగేవాళ్ళకి 30 చొప్పునే అయినా 90 మిల్లీగ్రాములు ఊరికే వస్తున్నట్టు. ఆర్వో మెషిన్ ఇందులో చాలావరకు తీసేస్తుంది. అందుకని ఆర్వో మానేసి బోరు నీళ్ళు తాగమని మాత్రం ఎవరూ అనరు, అనంతపురం జిల్లా నీళ్ళలో ఫ్లోరైడ్ గొడవ తెలిసినవాళ్ళు అసలే అనరు. క్యాన్ నీళ్ళకి మారినప్పుడు పోయింది ఏమిటో తెలిస్తే ఆ లోటు కంచంలో పూడ్చుకోవచ్చు, అంతవరకే.

ఇక మాత్ర కొనాలనే అనుకున్నవాళ్ళు డబ్బా వెనక్కి తిప్పి చూడాలి. ముందువైపు పెద్ద అక్షరాల్లో "మెగ్నీషియం గ్లైసినేట్ 1000 మి.గ్రా." అని ఉంటుంది. అది మొత్తం లవణం బరువు. స్వచ్ఛమైన గ్లైసినేట్‌లో అసలు మెగ్నీషియం నూటికి 14 పాళ్ళే, అంటే వెయ్యికి 140. వెనకాల "ఎలిమెంటల్ మెగ్నీషియం" అనే గడిలో ఉన్న అంకే నిజమైనది, అది కూడా ఒక మాత్రకా, రెండు మాత్రలు కలిపి వేసుకునే "ఒక సర్వింగ్"కా అన్నది చూసుకోవాలి. వెయ్యి గ్లైసినేట్‌కి వెనక 200కి పైన రాసి ఉంటే అందులో చవక రకం ఆక్సైడ్ కలిసి ఉండే అవకాశమే ఎక్కువ. ఆక్సైడ్‌లో అసలు మెగ్నీషియం నూటికి 60 పాళ్ళున్నా ఒంటికి పట్టేది తక్కువ, మిగిలింది పేగులో నీటిని లాగి విరేచనం సాఫీ చేస్తుంది. హైపోథైరాయిడ్ ఉన్నవాళ్ళకి మలబద్ధకం ఎలాగూ ఉంటుంది కాబట్టి "మెగ్నీషియం వేసుకున్నాక ఒళ్ళు తేలికైంది" అనే మాటలో సగం ఈ విరేచనం మహిమే. సిట్రేట్ మధ్యరకం, థ్రియోనేట్ ఖరీదెక్కువ, అసలు మెగ్నీషియం తక్కువ. మెడికల్ షాపుల్లో దొరికే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా ఒక చెంచాలోనే సుమారు 165 మిల్లీగ్రాములు ఉంటుంది, అది కూడా మెగ్నీషియమేనని చాలామందికి తట్టదు. ఎప్సమ్ సాల్ట్ (ఇదీ ఒక మెగ్నీషియం లవణమే) నీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, చర్మం గుండా చెప్పుకోదగ్గ మెగ్నీషియం లోపలికి పోతుందనడానికి గట్టి ఆధారం లేదు.

జుట్టూ గోళ్ళూ పెరగడానికని అమ్మే మాత్రల్లో బయోటిన్ అనే విటమిన్ పెద్ద డోసులో ఉంటుంది, కొన్నిట్లో మెగ్నీషియం కూడా కలిపి ఉంటుంది. బయోటిన్ కొన్ని ల్యాబ్ యంత్రాలని మోసం చేసి టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా చూపిస్తుంది. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు దాన్ని ఆపాలి, లేకపోతే లేని హైపర్‌థైరాయిడ్‌కి మందు మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

వేళ విషయం అన్నింటికన్నా ముఖ్యం. కాల్షియం, ఐరన్, మెగ్నీషియం, అల్యూమినియం, ఇవి కడుపులో థైరాక్సిన్‌ని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వవు. మధ్యలో నాలుగు గంటలు ఎడం ఉండాలన్నది డాక్టర్లందరూ చెప్పే నియమం. డైజీన్, జెలూసిల్ లాంటి వాటిల్లో మెగ్నీషియం, అల్యూమినియం రెండూ ఉంటాయి కాబట్టి పొద్దున్నే మంటగా ఉందని ఒక మూత తాగినా ఇదే లెక్క. రోజు ఎలా ఉంటే బాగుంటుందంటే, తెల్లవారి కుళాయి నీళ్ళు వచ్చే వేళకి లేచి ఉత్త నీళ్ళతో థైరాయిడ్ మాత్ర వేసుకోవాలి, కనీసం అరగంట, కుదిరితే గంట ఆగి కాఫీనో టీనో తాగాలి, ఆ తర్వాత టిఫిన్. కాల్షియం, ఐరన్ ఉంటే మధ్యాహ్నం అన్నం తర్వాత. మెగ్నీషియం రాత్రి భోజనం అయ్యాక, అప్పుడైతే ఎలాంటి గొడవా లేదు. కొందరు థైరాయిడ్ మాత్రనే రాత్రి, తిన్న మూడు గంటల తర్వాత వేసుకుంటారు, అలాంటివాళ్ళు మెగ్నీషియాన్ని మధ్యాహ్నానికి జరుపుకోవాలి. గర్భిణులకి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు కూడా థైరాయిడ్ మాత్రతో ఇలాగే తగువు పడతాయి, ఆ సమయంలో డోసు తగ్గితే బిడ్డకే నష్టం కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్‌లనీ, ఎముకలకి వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్‌నీ కూడా మెగ్నీషియం అడ్డుకుంటుంది. సీమ ఎండల్లో ఇంకో జాగ్రత్త: థైరాయిడ్ మాత్రల సీసాని కిటికీ గూట్లోనో వంటింటి అలమరలోనో ఉంచకూడదు, ఆ మందు వేడికీ తేమకీ పాడవుతుంది.

ఏం ఆశించొచ్చు అంటే, ఎక్కువ ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. రాత్రి పిక్కలు పట్టేయడానికి మెగ్నీషియం పనిచేస్తుందన్నది జనంలో బాగా పాతుకున్న నమ్మకం, కానీ వైద్య ప్రయోగాలని బేరీజు వేసే కోక్రేన్ సంస్థ అన్ని ప్రయోగాలనీ కలిపి చూసిన 2020 సమీక్షలో పెద్దవయసువాళ్ళ పిక్కల నొప్పికి అది పెద్దగా ఉపయోగపడట్లేదనే తేలింది. థైరాయిడ్ తక్కువైతే కండరాలు వాటంతట అవే నొప్పులు పెడతాయి, బిగుసుకుంటాయి, హార్మోన్ సరిపడా అందితే తగ్గుతాయి. నీరసానికీ జుట్టు రాలడానికీ హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డి చూడటం మెగ్నీషియం కన్నా ముందు చెయ్యాల్సిన పని, మన ఆడవాళ్ళలో దొరికే లోపం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

మాత్రల రూపంలో రోజుకి 350 మిల్లీగ్రాముల అసలు మెగ్నీషియం దాటొద్దని అమెరికా లెక్క, 250 చాలని యూరప్ లెక్క. తిండిలో వచ్చేది ఇందులోకి రాదు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ ఎక్కువైంది బయటికి పంపేస్తుంది, విరేచనాలతో వదిలిపోతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి మాత్రం ఇది ఆట కాదు. మెగ్నీషియం పేరుకుపోతే కండరాలు సడలిపోతాయి, బీపీ పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది. పదేళ్ళుగా షుగర్, బీపీ ఉన్నవాళ్ళు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోకుండా మెగ్నీషియం మాత్రే కాదు, మెగ్నీషియం ఉన్న విరేచనాల మందు కూడా రోజూ తాగకూడదు.

మెగ్నీషియం కొత్తగా మొదలుపెట్టినా, గ్యాస్ మాత్ర మానేసినా, వేళలు మార్చుకున్నా ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ మళ్ళీ చూపించుకోవాలి. థైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, అందుకే అంతకన్నా ముందు చేయిస్తే అంకె నిలకడగా ఉండదు. ఇన్నాళ్ళూ గ్యాస్ మాత్రా, కాల్షియమూ అడ్డుపడటం వల్ల 75 మైక్రోగ్రాముల డోసు కాస్తా 100కి, 125కి పెరిగి ఉండొచ్చు. ఇప్పుడు ఆ అడ్డు తొలగితే 125 నిజంగానే ఒంటికి పట్టడం మొదలవుతుంది, గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, రాత్రి నిద్ర రాకపోవడం కనిపిస్తాయి. ఆ నిద్రలేమికి మెగ్నీషియం ఇంకో మాత్ర పెంచుకోవడం కాదు, రిపోర్ట్ పట్టుకెళ్ళి థైరాయిడ్ డోసు తగ్గించాలేమో డాక్టర్‌ని అడగాలి.